పెట్టెల మధ్య పెరిగిన నటి

షేక్‌స్పియర్ వ్రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' అనే నాటకంలో గంధర్వుల రాజుకూ రాణికీ ఒక పసివాడి కోసం పెద్ద తగవు వస్తుంది. ఆ పసివాడు మన దేశపు రాజుగారి కొడుకు. నాటకంలో వాడికి ఒక్క మాట కూడా లేదు. తొమ్మిది నెలల పాప ఒకతె ఆ వేషంలో, పెద్దవాళ్ళ చంకనెక్కి, మొదటిసారి రంగస్థలం చూసింది. ఆ పాప పేరు ఫెలిసిటీ కెండల్.

ఆమె 1946 సెప్టెంబరు 25న ఇంగ్లండులో పుట్టింది. తండ్రి జెఫ్రీ కెండల్, తల్లి లారా లిడెల్, ఇద్దరూ నటులే. జెఫ్రీ అసలు ఇంటిపేరు బ్రాగ్. పుట్టిన ఊరి మీద మమకారంతో కెండల్ అనే ఆ ఊరి పేరే తన పేరు చేసుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కోసం నాటకాలు ఆడడానికి ఆయన మన దేశం వచ్చాడు. వచ్చినవాడికి ఈ దేశం మీద మనసు పోయింది. యుద్ధం ముగిశాక 'షేక్‌స్పియరానా' అనే తన నాటకసమాజంతో తిరిగి వచ్చాడు. ఫెలిసిటీకి ఏడేళ్ళ వయసులో కుటుంబమంతా ఇక్కడికి చేరింది.

ఇక చూడండి ఆ పిల్ల బతుకు! ఇవాళ ఒక ఊరు, వారం తిరిగేసరికి మరొక ఊరు. రైళ్ళలో దుస్తుల పెట్టెలు, కత్తులు, కిరీటాలు. ఒకరోజు మహారాజుగారి కొలువులో నాటకం, మరొక రోజు ఏదో బడిలో, బల్లలు జరిపి చేసిన వేదిక మీద. నటులు కొద్దిమందే కనుక ఒక్కొక్కరు రెండు మూడు వేషాలు కట్టవలసిందే. మజిలీ మారినప్పుడల్లా ఫెలిసిటీకి కాన్వెంటు బడి కూడా మారేది. ఇన్ని బడులు మారిన పిల్లను చేర్చుకోవడానికి మాబోటి హెడ్మాస్టర్లు తటపటాయిస్తారు. నేనూ తటపటాయించి ఉండేవాణ్ణే!

కాని ఆమెకు అసలు బడి రంగస్థలం. ఎదుట కూర్చున్నది చాలాసార్లు బడిపిల్లలే. పిల్లలు మర్యాద కోసం చప్పట్లు కొట్టరు. విసుగు పుడితే కాళ్ళు ఆడిస్తారు, పక్కవాణ్ణి గిల్లుతారు. ముప్పైయేళ్ళకు పైగా వాళ్ళ ఎదుట నిలబడ్డవాణ్ణి గనక ఈ సంగతి నాకు బాగా తెలుసు. వాళ్ళను కదలకుండా కూర్చోబెట్టడం నేర్చిన నటికి వేరే పరీక్ష అక్కరలేదు.

పెద్ద కూతురు జెన్నిఫర్ 1958లో శశికపూర్‌ను పెళ్ళాడింది. 1965లో 'షేక్‌స్పియర్ వాలా' అనే చిత్రం వచ్చింది. దర్శకుడు జేమ్స్ ఐవరీ, సంగీతం సత్యజిత్ రాయ్. మన దేశంలో ఊరూరా తిరిగే ఒక ఇంగ్లీషు నాటకసమాజం, సినిమాల పోటీకి నిలవలేక చితికిపోవడం అందులోని కథ. తల్లిదండ్రుల పాత్రలు జెఫ్రీ, లారా ధరించారు. కూతురి పాత్ర ఫెలిసిటీది. తన సమాజాన్ని ఓడిపోయినట్టు చూపించడం జెఫ్రీకి రుచించలేదు. చిత్రం చివర ఆ కూతురు అమ్మానాన్నలను వదిలి ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళిపోతుంది.

నిజ జీవితంలోనూ ఫెలిసిటీ వెళ్ళిపోయింది. లండన్‌లో ఆమె కొత్త మనిషి. ఇక్కడి ఊళ్ళలో ఆడిన వందల నాటకాలను అక్కడ చూసినవారెవరు? మొదట టెలివిజన్‌లో వేషాలు దొరికాయి. లండన్ రంగస్థలం మీద తొలి వేషం 1967లో దొరికింది. 1975లో బి.బి.సి. 'ది గుడ్ లైఫ్' అనే హాస్యనాటికలు ప్రారంభించింది. నలభయ్యోపడిలో పడిన ఒకాయన ఉద్యోగం మానేసి, పట్నంలోని ఇంటి దొడ్డినే పొలం చేసి, మేకనూ పందులనూ పెంచుతాడు. ఆయన భార్య బార్బరా వేషం ఫెలిసిటీది. బురదలో బూట్లు వేసుకుని తిరిగే ఆ ఇల్లాలిని ఇంగ్లండు దేశమంతా తమ ఇంటి మనిషిగా చూసుకున్నది. 1978లో ఒక నాటికను ఎలిజబెత్ రాణి ఎదుటే ఆడారు. 1979లో 'అమేడియస్' నాటకంలో సంగీతకారుడు మోజార్ట్ భార్యగా నటించింది.

ఇంత పేరు వచ్చినా మన దేశం ఆమెను వదలలేదు. 1995లో టామ్ స్టాపార్డ్ వ్రాసిన 'ఇండియన్ ఇంక్' నాటకంలో, 1930లో ఇక్కడికి వచ్చిన ఒక ఇంగ్లీషు కవయిత్రి వేషం వేసింది.

ఆ తర్వాత జెఫ్రీ జబ్బుపడి, స్పృహ లేకుండా మంచాన పడ్డాడు. వదిలివెళ్ళిన కూతురు ఆ మంచం పక్కనే కూర్చున్నది. వెనకటి రైళ్ళు, పెట్టెలు, బడులు, ఊళ్ళు అన్నీ తలచుకున్నది. ఆ తలపోతలే 'వైట్ కార్గో' అనే పుస్తకమై 1998లో వెలువడ్డాయి. జెఫ్రీ ఆ సంవత్సరమే, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.