పేగు కడుపులోనే ఎలా చిక్కుకుంటుంది?

హెర్నియా అంటే గజ్జల్లోనో, బొడ్డు దగ్గరో ఉబ్బి కనిపించేదే అనుకుంటాం. కానీ పైకి ఏమీ కనిపించకుండా, కడుపు లోపలే పేగు ఏదో సందులోకి దూరిపోవచ్చు. అదే అంతర్గత హెర్నియా.

ఎందుకలా? పెద్దవాళ్ల చిన్నపేగు సుమారు 6 మీటర్లు. ఇంచుమించు అమ్మ చీరంత పొడవు! దాన్ని వీపు వైపు గోడకు పట్టి ఉంచే పల్చని పొర మెసెంటరీ. చీర కుచ్చిళ్లలాగే దాని మొదలు 15 సెంటీమీటర్లే, అంచు మాత్రం పేగు పొడవునా పరుచుకుంటుంది. అందుకే పేగు అటూ ఇటూ తేలిగ్గా కదులుతుంది.

మనం అమ్మ కడుపులో ఉండగా, 6వ వారంలో పేగు బొడ్డుతాడులోకి వెళ్లి, 10వ వారానికల్లా వెనక్కి వస్తుంది. ఈలోగా 270 డిగ్రీలు తిరుగుతుంది. తర్వాత పొరలు సరిగా అతుక్కోకపోతే, చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం పక్కన జేబులాంటి ఖాళీ మిగులుతుంది. పేగు అందులోకి జారవచ్చు. కొన్ని పొట్ట ఆపరేషన్ల తర్వాత కూడా ఇలాంటి సందులు ఏర్పడతాయి.

చిక్కుకుంటే? ఆహారం ముందుకు కదలదు. రక్తం అందకపోతే పేగు చచ్చుబడుతుంది. డాక్టర్లు సీటీ స్కాన్‌తో గుర్తించి, ఆపరేషన్‌తో పేగును విడిపించి, సందు మూసేస్తారు.

ఇది అరుదే. అయినా కడుపునొప్పి తగ్గకుండా వాంతులు, ఉబ్బరం తోడైతే ఓర్చుకోకండి. వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.