సంధిపత్రాలు రాసిన బడి భాష

అండమాన్, నికోబార్ దీవుల్లో పిల్లలు ఏ భాషలో చదవాలన్నది పాఠ్యప్రణాళిక కన్నా ముందు యుద్ధాలూ, సంధులూ తేల్చాయి. 1858లో ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ ఖైదీల వలస పెట్టారు. నానా ప్రాంతాల ఖైదీలు ఒకచోట బతకాల్సి వచ్చేసరికి హిందుస్తానీ అందరి మాటయింది, బడిలోకీ అదే వచ్చింది. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక జపనీస్ పాఠాలు మొదలయ్యాయి. ఇంగ్లిష్ వస్తే గూఢచారేనన్న అనుమానం చదువుకున్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది. వైద్యుడు దివాన్ సింగ్ 1944 జనవరిలో చిత్రహింసలకు బలయ్యాడు. మరుసటి ఏడు జపాన్ లొంగిపోవడంతో ఆ పాఠాలకూ కాలం చెల్లింది. కరీబియన్ ద్వీపం ప్యూర్టోరికోలోనూ ఇదే కథ. 1898 యుద్ధంలో స్పెయిన్ నుంచి ఆ ద్వీపం అమెరికా చేతికి వెళ్లడంతో బడుల్లో ఇంగ్లిష్ వచ్చి కూర్చుంది. స్పానిష్ మళ్లీ బోధనభాష కావడానికి 1949 దాకా ఆగాల్సి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాకా సరిహద్దుల రాజకీయం అండమాన్, నికోబార్ దీవుల బడిని వదల్లేదు. దేశవిభజనతో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న తూర్పు బెంగాల్ కుటుంబాలను 1949 నుంచి ఇక్కడ స్థిరపరిచారు. హావ్‌లాక్, నీల్, డిగ్లీపూర్ వైపు బెంగాలీ ఊళ్లు వెలిశాయి, వాటితోపాటే బెంగాలీ బడులూ వచ్చాయి. 1964లో భారత ప్రధాని శాస్త్రి, శ్రీలంక ప్రధాని సిరిమావో మధ్య ఒప్పందం కుదిరాక శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాల్లో కొన్ని నికోబార్‌లోని కచ్చాల్ రబ్బరు తోటలకు చేరాయి. ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లకు ఆ పిల్లల పలక గుర్తొచ్చి ఉంటుందనుకోను.

మరి తెలుగువాళ్లను ఏ సంధి తెచ్చిందని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకీ, కూలిపనికీ వచ్చినవాళ్లే ఎక్కువ. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. వాళ్లకు తెలుగు మీడియం బడులూ ఉన్నాయి. అంటే అంతర్జాతీయ రాజకీయమే సర్వస్వం కాదు. కానీ తేడా ఒకటుంది. కాందిశీకులను సర్కారే తెచ్చింది కనుక వాళ్ల ఊళ్లకు బడి కట్టే పూచీ కూడా దానిదే అయింది. పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడి వెనుక అలాంటి పూచీ ఏదీ లేదు. అతనికి ఆధారం భాషారాష్ట్రాల ఉద్యమం తర్వాత 1956లో రాజ్యాంగంలో చేరిన, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలనే 350ఏ అధికరణం. ఇప్పుడు తల్లిదండ్రులే ఇంగ్లిష్ మీడియం కోరుతున్నారు కదా అంటే, ఆ కోరిక తప్పు కాదు. అయినా తెలుగు చదువు కావాలనుకునే ఇల్లు ఒక్కటి మిగిలినా ఆ దారి తెరిచి ఉండాలి. 350ఏ చెప్పేది ప్రాథమిక దశ చదువు గురించే. ఆపై తరగతుల్లో తెలుగు నిలవాలంటే దీవుల తెలుగువాళ్లే పాలనాయంత్రాంగాన్ని అడగాలి.