వెలుగు ఆగితే.. ఎందుకో చెప్పే చిప్పు
* ఫైబర్ నెట్ పరికరాల్లో లోపాన్ని పసిగట్టే ఏర్పాటు
* ఎర్రదీపం అర్థం తెలిస్తే మరమ్మతు సులువు

హాలియా: భూమి రిజిస్ట్రేషన్ కోసం తహసీల్దార్ కార్యాలయానికి వచ్చిన రైతుకు ‘నెట్ లేదు’ అన్న మాట వినిపిస్తే ఆనాటి పని, రానుపోను ఖర్చు రెండూ వృథాయే. 2020 నుంచి రాష్ట్రంలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ కార్యాలయాల్లోనే ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. మీసేవా కేంద్రాలు, బ్యాంకులు సైతం నెట్ లేనిదే నడవవు. ఫైబర్ తెగిందా, కరెంటు పోయిందా, లేజర్ అరిగిపోయిందా? ఒక్కో లోపానికి మరమ్మతు వేరు, రావలసిన మనిషి వేరు. ఆ తేడాను ముందుగా తెలియజేసేది ఆప్టికల్ ట్రాన్స్‌సీవర్‌లోని చిన్న కంట్రోలర్ చిప్పు.

పల్లెకు చేరిన గాజు తీగ

దేశంలోని గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలిపే పథకానికి 2011లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. అదే అనంతర కాలంలో భారత్‌నెట్ అయింది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపులైన్ల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలనూ వేయాలని రాష్ట్ర ప్రభుత్వం సంకల్పించింది.

తలవెంట్రుక మందం ఉండే ఈ గాజు తీగలో సమాచారం కాంతి రూపంలో పయనిస్తుంది. విద్యుత్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చేదే ట్రాన్స్‌సీవర్. పల్లెల్లో విరివిగా వాడే జీపాన్ విధానంలో ఒకే ఫైబర్‌ను చీల్చి 32 లేదా 64 కనెక్షన్లకు పంచుతారు.

ఐదు కొలతలు.. ఇరవై హద్దులు

ట్రాన్స్‌సీవర్ ఆరోగ్యాన్ని చిప్పు ఐదు కొలతలతో గమనిస్తుంది. అవి ఉష్ణోగ్రత, విద్యుత్ వోల్టేజి, లేజర్‌కు అందే కరెంటు, పంపే కాంతి బలం, అందుకునే కాంతి బలం. ఎస్ఎఫ్ఎఫ్-8472 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రతి కొలతకూ నాలుగు హద్దులుంటాయి. ఎగువన ఒక హెచ్చరిక, ఒక ప్రమాద సూచన, దిగువనా అలాగే. కొలత హద్దు దాటగానే చిప్పులో గుర్తు నమోదవుతుంది. దూరాన ఉన్న ఇంజినీరు దానిని తన కంప్యూటర్‌లో చదవగలడు.

వీటిలో ఉష్ణోగ్రత జిల్లాకు ముఖ్యమైనది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం నల్లగొండకు కొత్త కాదు. ఎండలోని ఇనుప పెట్టె లోపల వేడి అంతకు మించుతుంది. సాధారణ శ్రేణి ట్రాన్స్‌సీవర్లు 70 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి.

లేజర్ కరెంటు మరింత దూరదృష్టి గల కొలత. లేజర్ పాతబడే కొద్దీ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు కోరుతుంది. చిప్పు దానిని పెంచుతూ వెలుగును నిలబెడుతుంది కనుక వినియోగదారుకు తేడా తెలియదు. నెలల తరబడి కరెంటు పెరుగుతున్నట్లు కనిపిస్తే నెట్ ఆగకముందే పరికరాన్ని మార్చవచ్చు.

రెండు అత్యవసర సంకేతాలు

కొలతలు చదివే వరకు ఆగలేని ఘట్టాల కోసం చిప్పుకు రెండు ప్రత్యేక సంకేతాలున్నాయి. వచ్చే కాంతి నిర్ణీత హద్దు కంటే తగ్గితే ‘లాస్’ సంకేతం వెలువడుతుంది. ఇళ్లలోని పెట్టెపై ఎర్రదీపం వెలగడానికి కారణం సాధారణంగా ఇదే. జీపాన్‌లో ఎక్కువగా వాడే శ్రేణి పరికరం ఒక మిల్లీవాట్‌లో సుమారు 500వ వంతు కాంతిని సైతం గుర్తించగలదు. అంతకూ నోచుకోలేదంటే ఫైబర్ తెగిందనో, బాగా వంగిందనో, కనెక్టర్‌లో దుమ్ము చేరిందనో భావించాలి.

రెండోది ‘టీఎక్స్ ఫాల్ట్’. లేజర్ అదుపు తప్పి ప్రమాదకర స్థాయిలో వెలిగితే చిప్పు దానిని వెంటనే ఆర్పివేసి ఈ సంకేతాన్ని ఇస్తుంది. ఆ కాంతి పరారుణం కావడంతో కంటికి కనబడదు, కానీ హాని చేయగలదు. పైగా ఒకే ఫైబర్‌పై ఉన్న కనెక్షన్లు వంతులవారీగా మాట్లాడతాయి. ఒక లేజర్ ఆరకుండా వెలుగుతూ ఉంటే మిగతా వాటన్నింటి గొంతూ నొక్కుకుపోతుంది.

కరెంటు పోతే ఆఖరి కబురు

కరెంటు పోయినప్పుడు సైతం కేంద్రానికి ఆ కనెక్షన్ మూగబోయినట్లే కనిపిస్తుంది. ఈ పొరపాటును నివారించేందుకు పెట్టెలోని కెపాసిటర్ కొన్ని మిల్లీసెకన్లకు సరిపడా విద్యుత్తును దాచి ఉంచుతుంది. దాంతో పరికరం ఆరిపోయే ముందు ‘డయింగ్ గ్యాస్ప్’ అనే ఆఖరి కబురు పంపుతుంది. కబురు వచ్చి ఆగితే కరెంటు కోత. కబురు లేకుండా ఆగితే ఫైబర్‌ను అనుమానించాలి.

అయితే తెగిన చోటును చిప్పు చెప్పలేదు. దానికి ఓటీడీఆర్ అనే పరికరం కావాలి. అది ఫైబర్‌లోకి కాంతిని పంపి, ప్రతిధ్వనిలా తిరిగి వచ్చే వెలుగుకు పట్టిన సమయాన్ని లెక్కిస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. పది మైక్రోసెకన్లలో తిరిగి వస్తే లోపం కిలోమీటరు దూరంలో ఉన్నట్లు లెక్క. రోడ్డు వెంట పొడవునా తవ్వే అవసరం తప్పుతుంది.

వినియోగదారులు గమనించాల్సినవి

* పెట్టెపై దీపాలేవీ వెలగకుంటే ముందు కరెంటు, అడాప్టర్ చూసుకోవాలి.
* ‘లాస్’ దీపం ఎర్రగా ఉంటే పదే పదే ఆపి వేయడం వల్ల ప్రయోజనం ఉండదు. తీగ వంగిందేమో చూసి, ఫిర్యాదులో దీపం రంగు తెలపాలి.
* దీపాలన్నీ పచ్చగా ఉండి నెట్ రాకుంటే లోపం చాలావరకు ఫైబర్‌ది కాదు.
* ఊడిన ఫైబర్ చివరను ఎట్టి పరిస్థితిలోనూ కంటికి ఎదురుగా పెట్టి చూడరాదు.