మోటారు కారునకు తగిన పవరు వాల్వు

మా తాతగారి కాలపు ఫోర్డు కారొకటి మా యింట కలదు. గత సంవత్సరము అది విపరీతముగా పెట్రోలు త్రాగి, బాటనెక్కగానే నల్లని పొగ విడువసాగెను. నందిగామనుండి జగ్గయ్యపేటకు పోయి వచ్చునప్పటికి ప్లగ్గులు మసిబారి ఇంజను తడబడుచుండెను. ఇక దాని పని తీరినదని తలచి మా నాన్నగారు తుక్కు క్రింద అమ్మివేయ నిశ్చయించిరి. తీరా విప్పి చూడగా దోషమంతయు బొటనవ్రేలి కొనయంత లోహపు ముక్కలో నుండెను. దానినే పవరు వాల్వు అందురు.

ఇప్పటి క్రొత్త కార్లలో పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మించును. మన బాటను పోవు సిమెంటు లారీలు డీసిలువి. వీనికి కార్బురేటరుతో పని లేదు. పాత పెట్రోలు బండ్లలో గాలిని, పెట్రోలును కలుపునది కార్బురేటరే. ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి యున్నచో రెండును మిగులక దహించును. చదునుబాటను నెమ్మదిగా పోవునపుడు ఇంతకంటె పలుచని మిశ్రమముతోనైనను బండి నడచును. బరువుతో మిట్ట యెక్కునపుడు మాత్రము 12.5 లేక 13 పాళ్ల గాలికే ఒక పాలు పెట్రోలు కావలెను. లేనిచో బలము చాలదు. ఇంజను మితిమీరి వేడెక్కి లోపలి వాల్వులు కాలిపోవచ్చును. ఆ అదనపు పెట్రోలును అక్కర కలిగినపుడు మాత్రమే విడుచు కావలివాడు పవరు వాల్వు.

అక్కర కలిగెనని దానికెట్లు తెలియును? యాక్సిలరేటరు కొంచెమే త్రొక్కినపుడు గాలికి త్రోవ యిరుకై మానిఫోల్డులో శూన్యత హెచ్చును. దీనిని పాదరసపు అంగుళములలో కొలుతురు. 1643లో టారిసెల్లి చూపిన రీతిగా సముద్రమట్టమున వాయుభారము సుమారు 30 అంగుళముల పాదరసమును నిలుపును గదా. మానిఫోల్డులో ఆ భారము ఎన్ని యంగుళములు తగ్గెనో అదియే శూన్యత. అది వాల్వులోని పలుచని పొరను లాగి, స్ప్రింగును అణచి, ద్వారమును మూసియుంచును. గట్టిగా త్రొక్కగానే శూన్యత పడిపోవును. స్ప్రింగు లేచి ద్వారమును తెరచును.

వాల్వుపై ముద్రించిన అంకె ఈ తెరచుకొను ఘట్టమును తెలుపును. 65 అనగా శూన్యత 6.5 అంగుళములకు దిగినపుడు తెరచుకొనునని యర్థము. ఎంత పెట్రోలు పోవలెనో నిర్ణయించునది ఆ యంకె కాదు, వాల్వు వెనుకనున్న సన్నని రంధ్రములు. మాకు వాల్వు మార్చిన మేస్త్రీ యీ భేదమెరుగక “పెద్ద నంబరు, పెద్ద బలము” అనుచు 105 బిగించెను. మేమును సంతోషించితిమి!

ఎన్నుకొనుట నిజముగా కష్టము కాదు. ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, థ్రాటిలునకు దిగువ మానిఫోల్డునకు వాక్యూము గేజి తగిలించి, బండి నిలిచి ఇంజను తిరుగుచుండగా చూడవలెను. 12 అంగుళములకు పైనున్నచో సాధారణముగా 65 చాలును. తక్కువయైనచో కనిపించినదానిలో సగము తీసికొనవలెను. 9 చూపినచో 45. పిమ్మట బాటపై పరీక్షింపవలెను. మా కారు నిలిచియుండగా 14, చదునుబాటను పోవునపుడు 9 చూపెను. 9 అంగుళముల శూన్యతకు 10.5 వాల్వు మూసుకొనునా? దారి పొడుగునను అక్కరలేని పెట్రోలు కారిపోయినది. 65 బిగింపగా పొగ నిలిచిపోయెను, అమ్మకమును నిలిచెను.

మరియొక సంగతి. మనది కృష్ణా మెట్టయే యైనను (2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) సముద్రమట్టమునకు అంత యెత్తు కాదు. హైదరాబాదు సుమారు 1,700 అడుగుల పైనున్నది. వేయి అడుగులు ఎక్కిన కొలది గేజి సుమారు ఒక అంగుళము తగ్గును. ఇక్కడ 9 చూపిన బండి అక్కడ ఏడుకు కొంచెము పైన మాత్రమే చూపును. 65 ఇంకను మూసియే యుండును గాని, యెడము మిక్కిలి తక్కువ. తరచుగా ఆ నగరమునకు పోవువారు ఒక మెట్టు తగ్గించి 55 వేసికొనుట మంచిది.

బండి నిలిచియున్నపుడే నల్లపొగ వచ్చుచున్నచో అంకెను నిందింపరాదు. కార్బురేటరు ఎదురుప్రేలినపుడు లోపలి పొర చినిగి, పెట్రోలు నేరుగా మానిఫోల్డులోనికి పోవుచుండవచ్చును. ఐడిలు మిశ్రమపు మరలను పూర్తిగా బిగించినను ఇంజను ఆగకున్నచో ఈ యనుమానము బలపడును. 1992 తరువాతి హోలీ కార్బురేటర్లలో దీనికి రక్షణగా చిన్న గుండు కవాటము నమర్చిరి. మా దానివంటి పాతవానికి అది లేదు. కావున వాల్వు విప్పినపుడెల్ల పొరను వెలుతురునకు పట్టి చూచి, క్రింది గాస్కెటును మార్చియే బిగించుచున్నాము.