గొలుసు రంపము: పదును, పోషణ

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి, ఏండ్ల తరబడి నీడనిచ్చిన వృక్షములను కూకటివేళ్లతో పెకలించి వీథులకు అడ్డముగా పడవైచినప్పుడు, ఆ దారులను మరల తెరచిన పనిముట్లలో పెట్రోలుతో నడచు గొలుసు రంపము ముఖ్యమైనది. సరుగుడు, జామాయిలు తోటలు నరకువారి చేతులలోను, కలప అడితీలలోను ఇది నేడు విరివిగా కానవచ్చుచున్నది. అయినను దానిని వాడువారిలో పెక్కుమంది ఇంజను మ్రోతను విని దాని శక్తి యంతయు అందే యున్నదని తలంచి, కోత కోయు గొలుసును ఉపేక్షించుట మిక్కిలి ఖేదకరము. ఏలయన, ఈ యంత్రము వలన కలుగు ఆపదలలో అనేకము మొండి గొలుసుతోనే మొదలగును.

ఇంజనును గురించి చెప్పవలసినది కొంచెమే. ఇది టూస్ట్రోకు ఇంజను. పెట్రోలులో కలసివచ్చు నూనెయే దాని లోపలి భాగములను కాపాడవలెను. తయారీదారు సూచించిన టూటీ ఆయిలును, సాధారణముగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున, వేరు డబ్బాలో కలిపి, బాగుగా కుదిపి పోయవలెను. వట్టి పెట్రోలుతో నడపినచో పిస్టను గీరుకొనిపోయి బిగిసికొనును. గొలుసుకు కావలసిన నూనె వేరు, దాని తొట్టియు వేరు. పెట్రోలు నింపినప్పుడెల్ల దానిని కూడ నింపవలెను.

గొలుసు పుట్టుక వినదగినది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమునందు జో కాక్స్ అను కలప పనివాడు, మొద్దును తొలుచుచున్న ఒక కీటకపు డింభకము తన దవడలను ఎడమకును కుడికిని ఆడించుచు, కొయ్య ఈనె వెంబడిని, ఈనెకు అడ్డముగాను ఒకే తీరున దూసికొనిపోవుట గమనించి, ఎడమ పన్నును కుడి పన్నును ఒకదాని వెంట నొకటి వచ్చునట్టి గొలుసును రూపొందించెను. నేటి గొలుసులలో అధికభాగము ఆ వంశమునకు చెందినవే.

ఒక పన్నును కంటికి చేరువగా పట్టి చూడుడు. వంగిన అంచు కోయునది. దాని ముందున్న చిన్న బొడిపె, అంచు కొయ్యలోనికి ఎంత లోతు దిగవలెనో నిర్ణయించునది. అనేకమగు గొలుసులలో ఆ బొడిపె అంచుకంటె 0.65 మిల్లీమీటరు మాత్రమే తగ్గుగా నుండును. పదునున్న గొలుసు పేళ్లు పేళ్లుగా కొయ్యను వెడలగొట్టును; పిండివంటి పొట్టు రాలుచున్నదన్న, పనివాడు రంపమును బలముగా అదుమవలసి వచ్చుచున్నదన్న, పదును పోయినదని తెలియవలెను. అప్పుడు గొలుసు కొలతకు తగిన గుండ్రని ఆకురాయిని, అనగా చిన్న గొలుసులకు 4, కొన్ని పెద్దవాటికి 4.8 మిల్లీమీటర్లది తీసికొని, పంటిపై గీసియున్న వాలు గీతను అనుసరించి, లోపలినుండి వెలుపలికి మాత్రమే త్రోయవలెను, వెనుకకు లాగరాదు. అన్ని పండ్లకును సమానమగు రుద్దుళ్లు పడవలెను; లేనిచో కోత ఒక ప్రక్కకు వాలిపోవును.

గొలుసు తిరుగు ఉక్కుపట్టీ కొనయందలి పైభాగము కొయ్యను తాకినచో, పన్ను ఒక్కసారిగా అతిలోతుగా దిగి చిక్కుకొని, రంపము మెరుపువలె పైకి లేచి పనివాని ముఖముపైకి వచ్చును. ముందరి పిడిని ఎడమచేతి బొటనవ్రేలితో చుట్టి పట్టుటయు, గొలుసు బ్రేకు పనిచేయుచున్నదని ముందే పరీక్షించుటయు అందుకే. భుజముల ఎత్తుకు మించి కోయరాదు. నిచ్చెనపై నిలిచి కోయుట అంతకంటెను ప్రమాదము. లుంగీతోను, మెడచుట్టు తువ్వాలుతోను ఈ పనికి దిగువారిని చూచినప్పుడెల్ల నాకు భయము కలుగును. శిరస్త్రాణము, ముఖమునకు జాలీ, చెవులకు కప్పు, గట్టి బూట్లు తప్పనిసరి.

పని ముగిసిన పిమ్మట గాలి ఫిల్టరును దులిపి, పట్టీ గాడిలో పేరుకొన్న జిడ్డు పొట్టును గీకివేయవలెను. నెలల తరబడి దాచదలచినచో తొట్టిని ఖాళీచేసి, మిగిలిన ఇంధనము అయిపోవువరకు ఇంజనును నడిపి ఆపుట ఉత్తమము. మన దేశమున ఇప్పుడు అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలసియుండుటచే, అది గాలిలోని తేమను పీల్చుకొని కార్బురేటరులోని సన్నని పొరలను చెరచును.