ఎత్తు తగ్గించిన పికప్పు బండ్లు

మూటల నెక్కించుట సులువగునని కమాను పట్టీల వంపు తగ్గించి పాత పికప్పు బండ్లను క్రిందికి దింపించు ఆలోచన కొందరికి కలుగుచుండును. కల్హేరు నుండి నారాయణఖేడు త్రోవలో పంట చేరవేయు కర్షకసోదరులకు ఈ విషయమున నొక మాట చెప్పదలచితిమి.

బరువును మోయునవి కమాను పట్టీలు, షాకబ్సార్బరు మోయదు. గుంటలో పడిన బండి యూగులాటను అణచుటయే దాని పని. గొట్టములోని నూనె సన్నని రంధ్రముల గుండ దూరుచు ఆ యూపును వేడిగా మార్చును. ఇరుసు చాసిస్‌నకు మూడంగుళములు దగ్గరయినచో, పాత బ్రాకెట్ల నడుమనున్న షాకబ్సార్బరును ఇంచుమించుగా నంతే ముడుచుకొని నిలుచును. బరువెక్కి బండి క్రుంగగనే కడ్డీ అడుగునకు కొట్టుకొనును. ఆ దెబ్బ బ్రాకెట్టుపై పడును. కొంతకాలమునకు రివెట్లు వదులై చాసిస్ పగులవచ్చును.

కావున పై బ్రాకెట్టును పైకి జరుపవలయును, లేదా పొట్టి షాకబ్సార్బరును వేయవలయును. ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలినపుడు సయితము కడ్డీ ఇంకొక యంగుళమైన లోనికి పోగలిగి యుండవలయును. చక్రము వ్రేలాడినపుడు అది తుదివరకు సాగిపోరాదు. ఈ రెండు కొలతలును తీయక వెల్డింగునకు దిగు మేస్త్రీకి బండి నప్పగింపకుడు.

మా యభిప్రాయము మాత్రము వేరు. చేల బాటలలో తిరుగు బండికి ఎత్తే మేలు. మూటలకు వాలుబల్ల యొకటి చాలును. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదు. పని మొదలిడకముందే రవాణా శాఖవారి నడిగి తెలిసికొనుడు.