ముందు నిలుపుట, పిమ్మట నడుపుట



భారతమున నలోపాఖ్యానము విననివారు మనలో అరుదు. బాహుకుడను పేర నలుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడెను. రథము నిలుపుమని రాజు పలుకునప్పటికే అది యోజనదూరము వెనుకబడెను. చిన్ననాట తండ్రిగారియొద్ద ఈ కథ చదువుకొన్నపుడు మేము సారథి నేర్పునకే అబ్బురపడితిమి. మూడేండ్ల క్రిందట మా కొంగే జారినపుడు గాని దానిలోని వేఱొక నీతి మాకు తోపలేదు.

నాడు మేము మా వారి మోటారుసైకిలు వెనుక ఒకవైపునకు కూర్చుండి పెండ్లికి పోవుచుంటిమి. అందము చెడునని శారీగార్డు అంతకుముందే తీయించితిమి. పైటకొంగు గాలికెగిరి వెనుకచక్రమున చిక్కుకొనెను. ఆపుడని కేకవేసితిమి. బండి నిలుచులోపల మేము నేలపై నుంటిమి. మోచేయి చర్మము లేచినంతతో పోయినది. తలకు హెల్మెట్టు లేదు. తల నేలకు తగులకుండుట మా అదృష్టమే గాని వివేకము గాదు. ఆ నెలలోనే బండి నేర్వ నిశ్చయించితిమి. నేర్చునపుడు తెలిసికొన్నవి మీతో చెప్పుకొనుచున్నాము.

గేర్లుగల బండికి 18 ఏండ్లు నిండవలెను. లెర్నరు లైసెన్సు 6 నెలలు చెల్లును; తీసికొన్న 30 దినముల పిదపగాని పరీక్షకు పోరాదు. అంతవఱకు బండికి ముందువెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము ఉండవలెను.

ఉడుపుల విషయము తేలికగా ఎంచరాదు. నేర్చునపుడు సల్వారు మేలు. చున్నీని నడుమునకు ముడివేయవలెను. పాదమును కప్పు చెప్పులే తొడుగవలెను. హెల్మెట్టుపై ఐ.ఎస్.ఐ. ముద్ర చూడుడు. గడ్డముక్రింద పట్టీ బిగింపనిచో పడునపుడు అది ముందే ఎగిరిపోవును.

అభ్యాసమునకు జనసంచారములేని మైదానము కావలెను. మేము సెలవుదినములందు బడి ఆటస్థలమున నేర్చితిమి. తొలినాడు ఇంజను ఆపియే బండిని చేతితో నడిపించి, బ్రేకుపట్టి నిలుపుచుంటిమి. దాని బరువు చేతికి తెలిసిన భయము సగము తీఱును. ఎడమచేత క్లచ్చి, ఎడమపాదమున గేరు; కుడిచేత యాక్సిలరేటరు, ముందుచక్రపు బ్రేకు; కుడిపాదమున వెనుకచక్రపు బ్రేకు. ఇవి చూడకయే తడవగలుగువఱకు కదలరాదు. క్లచ్చిని తటాలున విడిచిన బండి ఎగిరిపడి ఆగును. నిద్రించు బిడ్డను ఉయ్యాలలో దించునట్లు మెల్లగా విడువవలెను. మొదటి గేరున పది అడుగులు పోవుట, నిలుచుట. మరల పోవుట, నిలుచుట. వారము దినములు మాకు ఇదియే పాఠము. చూపు చక్రముమీద గాక పోవలసిన దారిమీద నుండవలెను.

నిలుచునపుడు బండి బరువు ముందునకు ఒరగును గనుక ముందుబ్రేకునకే బలమధికము. దానికి జడిసి వెనుకదానినే నమ్మినచో బండి చాలదూరము పోవును. అట్లని ఒక్కుమ్మడి నొక్కరాదు. నాలవనాడు మేము ఇసుకపై మలుపు తిరుగుచు ముందుబ్రేకు గట్టిగా పట్టి పడితిమి. బండిని తిన్నగా నిలిపి, రెండు బ్రేకులును కలిపి, ముందుదానిని క్రమముగా బిగించుటయే పద్ధతి.

ఇక ఋతుపర్ణుని ఉత్తరీయపు లెక్క. గంటకు 36 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 10 మీటర్లు పోవును. అనగా ఆపవలెనని తోచి చేయి కదలులోపలనే కొన్ని మీటర్లు గడచును. వేగము రెట్టింపయిన, బ్రేకు పట్టిన పిదప పోవు దూరము సుమారు నాలుగు రెట్లగును. కావున ముందుబండికి ఎడముగా పోవుటయే క్షేమము. వానలో, ఇసుకలో ఆ ఎడము మఱింత పెంచవలెను.

ఇరుగుపొరుగువారేమందురోయని మా అత్తగారు మొదట చిన్నబుచ్చుకొనిరి. లైసెన్సు వచ్చిన పిదప ఆమెను కంటివైద్యునియొద్దకు మేమే కొనిపోవుచున్నాము. బండికి శారీగార్డు మరల వచ్చినది. ఆమెకును ఒక హెల్మెట్టు కొంటిమి. బండెక్కిన వెంటనే ఆమె కొంగు నడుమున దోపుకొని, మా పైటను కూడ ఒకమారు తడవి చూచి, ‘ఇక పోనీయవే అమ్మాయీ’ అందురు. ఆ మాట వినిన పిమ్మటనే మేము క్లచ్చి విడుచుచున్నాము.